వంతు

వ్రోత్స్వావ్‌లో యంత్రానికి ఇంకా బుద్ధి పుట్టని రోజుల్లో
దాని బుద్ధి లెయోకాదియా.

ఓడ్రా నది గడ్డకట్టిన జనవరి రాత్రులు.
విశ్వవిద్యాలయం నేలమాళిగలో వాల్వుల సెగకు
మా కోట్ల మీది మంచు కరిగి బొట్లు బొట్లుగా కారేది.
గోడలో చిన్న గూడు. అందులోంచి అట్టల కట్టలు అందించేవాళ్లం,
రబ్బరు బ్యాండు చుట్టి, పైన పేరు రాసి,
ఒక్కో చిల్లుకీ ఒక్కో కునుకు తాకట్టు పెట్టి.

గూటికి అవతల ఆవిడ.
చెవి వెనక పెన్సిలు, కాళ్లకు ఇంట్లో తొడిగే ఉన్ని జోళ్లు,
ఎవరు ముందో ఎవరు వెనకో
ఆవిడకీ దేవుడికీ మాత్రమే అర్థమయ్యే నోటుపుస్తకం.

యంత్రానికి ఒకసారికి ఒక్క పనే చేతనవును.
అయినా ఇంతమందిమి, అది మాదేనని ఎవరికి వాళ్లం అనుకునేవాళ్లం.
వంతెన కట్టేవాళ్లకు పది నిమిషాలు
వాతావరణం వాళ్లకు పది.
లెక్క సగంలో ఉండగా ఆపి,
ఎక్కడ ఆగిందో టేపు మీదికి దించి,
దాన్ని పక్కకు జరిపి ఇంకోటి ఎక్కించేది.
మళ్లీ తన వంతు వచ్చి లేచినప్పుడు
తాను నిద్రపోయిన సంగతే ఆ లెక్కకు తెలిసేది కాదు.

దాని జ్ఞాపకం మా వంటింటి బల్లంత.
చేతికి కావలసినవి బల్ల మీద, తతిమ్మావి బీరువాలో.
అడిగింది బల్ల మీద లేకపోతే
నిట్టూర్చి, లేచి, వెతికి తెచ్చేది.
చోటు చాలకపోతే
చాలాసేపుగా ఎవరూ తాకనిదేదో చూసి
దాన్ని బీరువాకు పంపేది.
ఒకరి గీత దాటి ఇంకొకరి అంకె అడుగుపెట్టిందో
ఆ పని అక్కడికక్కడే బయటికి, కట్టతో సహా.

కాగితం అయిపోయిందని ప్రింటరు గంట కొడితే
పెదవి దాకా వచ్చిన టీ గ్లాసు
గాల్లోనే ఆగి, వెనక్కి బల్ల మీదికి దిగేది.
చల్లారని టీ ఆవిడ తాగగా నేను చూడలేదు.

ఒక రాత్రి
ప్రొఫెసర్ హబ్దాంక్ చేతిలో నాలుగో టేపు, ఆయనకు ఏడోది కావాలి.
డాక్టర్ దోబ్రోస్వావా చేతిలో ఏడోది, ఆమెకు నాలుగోది కావాలి.
ఇద్దరూ మర్యాదస్తులే.
మీరు కానివ్వండి అని ఒకరికొకరు చెప్పుకుని
టేపు మాత్రం ఒళ్లో పెట్టుకుని కూచున్నారు.
యంత్రం ఊరికే వెలుగుతోంది. క్యూ మెట్ల దాకా పాకింది.
రెండున్నరకు లెయోకాదియా వచ్చి
ప్రొఫెసర్ ఒళ్లోంచి టేపు లాగేసుకుంది.
"మీరు మళ్లీ మొదట్నుంచి. తెల్లారేలోపు ఇద్దరివీ అవుతాయి."
అయ్యాయి.
ఆయన మాత్రం వేసవి దాకా ఆవిడతో మాట్లాడలేదు.

నాది సన్నపాటి కట్ట, చక్కెరదుంపల దిగుబడి లెక్క.
ఎప్పుడూ నాకంటే పెద్దవాడొకడు ఊడిపడేవాడు.
నాలుగు రాత్రులు గోడకు ఆనుకుని నిలబడే నిద్రపోయాను.
ఐదో రాత్రి గూట్లోంచి చెయ్యి చాచింది:
"ఇటివ్వు. నీ పేరు పక్కన రోజుకో గీత పెడుతున్నా.
ఐదు గీతలైతే ఎవరైనా పెద్దవాళ్లే."

మరుసటేడు చెక్కపెట్టెలో వచ్చింది
ఆపరేటింగ్ సిస్టమ్, ఒక టేపు చుట్టగా.
ఆవిడ చేసేవన్నీ చేసింది. రెప్పపాటులో చేసింది.
దానికి టీ అక్కర్లేదు.
వారం రోజులు చేతులు కట్టుకుని చూసిందావిడ.
ఎనిమిదో రోజు ప్రోగ్రామర్ల గదికి వెళ్లి అంది:
"అడుగున ఒక కుర్రాడి పని సోమవారం నుంచి పడి ఉంది.
మీ దానికి గీతలు పెట్టడం రాదు."
నవ్వారు.
తర్వాత నవ్వడం మాని, పదకొండు వరుసలు రాశారు.

ఇప్పుడు అదే నేలమాళిగలో మొదటి పాఠం నాది.
ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి, అని బోర్డు మీద రాసి
సుద్దముక్క చేతిలో తిప్పుతూ నిలబడతాను.
నిర్వచనం పుస్తకంలో ఉంది, చక్కగా, రెండు ముక్కల్లో.
ముందు వరుసవాళ్లు అప్పుడే దాన్ని చదివేస్తున్నారు గట్టిగా.
వెనక బెంచీలో ఒక చెయ్యి
లేచి, దిగి, మళ్లీ లేచి
ఎంతసేపటినుంచో అలాగే ఉంది.

నువ్వు చెప్పమ్మా, అంటాను.